రాళ్ళవాన – మన కప్పులు, మన కాగితాలు

అనంతపురం సీమ చరిత్ర రాసేవాళ్ళు కరువుతో మొదలుపెట్టి కరువుతోనే ముగిస్తారు. అందులో తప్పు లేదు. ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటుంది, ఈశాన్య మేఘం మన దాకా వచ్చేసరికి అలసిపోతుంది. 1876-78 నాటి పెద్ద కరువును మన పెద్దలు 'ధాత కరువు' అని ఆ సంవత్సరం పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. కరువుకు పేరుంది, ఏడాది ఉంది, పుస్తకాల్లో పేజీలున్నాయి.

రాళ్ళవానకు ఇవేవీ లేవు. పట్నంవాళ్ళు వడగళ్ళ వాన అంటారు, పుట్టపర్తి, కొత్తచెరువు, నల్లమాడ, కదిరి వైపు మనం రాళ్ళవాన అంటాం. ఇంటి కప్పు కింద కూర్చుని విన్నవాళ్ళు పెట్టిన పేరు అది. కరువుది ఏళ్ళ లెక్క, రాళ్ళవానది నిమిషాల లెక్క. పది నిమిషాల్లో వచ్చి పోతుంది. కానీ ఆ పది నిమిషాల్లో పగిలిన కప్పును బాగుచేసుకోవడానికి ఒక కూలి కుటుంబం రెండు మూడేళ్ళు అప్పు కడుతుంది. ఆ అప్పు ఏ చరిత్రలోనూ లేదు. అందుకే ఈ వ్యాసంలో రాళ్ళవాన చరిత్రను కప్పుల చరిత్రగా రాస్తున్నాం. మన తండావాళ్ళు ఏ కప్పుల కింద బతికారు, ఏ కప్పు రాళ్ళవానకు ఏమైంది, సర్కారు కాగితం ఆ కప్పును ఏ పేరుతో పిలిచింది, ఈ రోజు ఇల్లుగలవాళ్ళు తెలుసుకోవాల్సింది ఏమిటి – ఈ నాలుగూ కలిపి చూస్తేనే విషయం తేటపడుతుంది.

లెక్కకు దొరకని వాన

రాళ్ళవాన మన దగ్గర ఎక్కువగా మార్చి నుంచి మే లోపల పడుతుంది. నేల బాగా కాగిన రోజుల్లో, బంగాళాఖాతం నుంచి తేమ గాలి లోపలికి వచ్చినప్పుడు, వాతావరణ శాఖవాళ్ళు 'ఉపరితల ద్రోణి' అని చెప్పే రోజుల్లో, మధ్యాహ్నం దాటాక నల్లటి మేఘం నిలువుగా లేస్తుంది. లోపల గాలి పైకి తోసుకుపోతుంటుంది. నీటి బొట్టు ఆ గాలితో పైకి పోయి గడ్డకడుతుంది. దాని మీద ఇంకొంత నీరు అంటుకుని పొరమీద పొరగా పెరుగుతుంది. గాలి మోయలేనంత బరువు కాగానే నేలకు పడుతుంది. రాయిని మధ్యకు కోసి చూస్తే ఉల్లిగడ్డలో లాగా పొరలు కనబడతాయి. రెండున్నర నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల రాయి గంటకు దాదాపు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. బస్సు వేగంతో వచ్చే రాయి అన్నమాట.

ఈ వాన ఒక సన్నని పట్టీలా పడుతుంది. ఒక తండా మీద పడుతుంది, కిలోమీటరు అవతలి ఊళ్ళో ఎండ కాస్తుంది. వాన కొలిచే పాత్ర మండల కేంద్రంలో ఉంటుంది. ఆ పాత్రలో పడినా రాయి కరిగి నీరే అవుతుంది, మిల్లీమీటర్లు మిగులుతాయి, దెబ్బ మిగలదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. అంటే కొలత మొదలై 150 ఏళ్ళు. అయినా ఒక తండా మీద పడిన రాళ్ళు ఆ కొలతలో కనబడవు. పైగా తండా చాలాచోట్ల రెవెన్యూ గ్రామం కాదు, గ్రామం కింది ఆవాసం. నష్టం కబురు రాసినా గ్రామం పేరుతో పోతుంది, తండా పేరు రాలిపోతుంది.

ప్రపంచం గుర్తుపెట్టుకున్నవి చావులు ఎక్కువైన రాళ్ళవానలే. 1888 ఏప్రిల్ 30న ఉత్తరాన మొరాదాబాదు దగ్గర 246 మంది చనిపోయారు. రాళ్ళవానకు పోయిన ప్రాణాల్లో ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుగా ఒప్పుకున్నది అదే. 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో కిలో పైన తూగిన రాళ్ళు పడ్డాయి. తెలుగు నేల మీద చూస్తే, 1939 మార్చిలో హైదరాబాదులో మూడు కిలోలకు పైగా తూగిన ముద్ద పడిందని రాతల్లో ఉంది. అది ఒక్క రాయి కాదని, కొన్ని రాళ్ళు అంటుకుపోయిన గడ్డ కావచ్చని చెప్పేవాళ్ళూ ఉన్నారు. 2013 జనవరి చివర్లో చేవెళ్ళ, మొయినాబాదు వైపు పడిన రాళ్ళవానలో తొమ్మిది మంది దాకా పోయారు. 2023 మార్చి 16న వికారాబాదు జిల్లా మర్పల్లి వైపు నేలంతా తెల్లగా మంచు పరిచినట్టయింది. జనం ఫోటోలు తీసి కాశ్మీరంలా ఉందన్నారు. ఆ తెల్లదనం కింద పైర్లు పోయాయి.

రాళ్ళవాన భయం మనిషికి కొత్త కాదు. ఛాందోగ్య ఉపనిషత్తులో కురుదేశం పంటలు 'మటచీ' దెబ్బకు పోయాయని, ఒక పండితుడు ఏనుగులవాడి దగ్గర ఎంగిలి గింజలు అడిగి తిన్నాడని కథ ఉంది. ఆ మాటకు వడగళ్ళని కొందరు, మిడతలని కొందరు అర్థం చెప్పారు. ఐరోపాలో గుడి గంటలు కొట్టి రాళ్ళవానను ఆపాలని చూశారు. 1890ల్లో ఆస్ట్రియాలో ద్రాక్షతోటల రైతులు ఆకాశంలోకి ఫిరంగులు పేల్చారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిడుగుకు 'అర్జునా ఫల్గుణా' అనుకున్నారు. గంట, ఫిరంగి, పేరు – ఏదీ రాయిని ఆపలేదు. ఆపగలిగింది కప్పు ఒక్కటే.

ఎద్దుల మీద ఇల్లు

మా సుగాలీలకు మొదట కదలని కప్పే లేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగిన జాతి మాది. మొగలు సైన్యాలకు గింజలు మోశాం, టిప్పు సుల్తానుతో యుద్ధాల్లో ఇంగ్లీషు కంపెనీ దండుకూ 'బ్రింజారీ'లన్న పేరుతో మోశాం. విడిది చేసినచోట గోనెలను గోడలా పేర్చి, పైన గుడ్డ కప్పుకుంటే అదే ఇల్లు. రాళ్ళవాన వస్తే గోనెల చాటున పిల్లలు, ఎద్దుల పొట్టల కింద పెద్దలు. పోయేది గుడ్డే. మరునాటికి కుట్టుకుని ముందుకు పోవచ్చు.

ఆ బతుకు రెండు దెబ్బలతో ఆగింది. 1805లో మద్రాసు రాష్ట్రంలో ఉప్పు కంపెనీ గుత్తసొత్తు అయింది. 1871 నాటికి మద్రాసు నుంచి గుత్తి మీదుగా రాయచూరుకు రైలు వచ్చింది. ఎద్దు మోసే బరువును రైలు మోసింది. అదే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది, 1911లో దాని కొత్త రూపం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఊరూరా తిరిగే ఎరుకల, సుగాలీ వంటి జనమంటే పోలీసుకు అనుమానం. ఇల్లు లేకుండా తిరిగితే నేరం, ఇల్లు కట్టుకుందామంటే నేల లేదు. ఆ చట్టం 1952లో రద్దయింది. అప్పటికి మా తాతముత్తాతలు గుట్టల పక్కన, చెరువుల పైభాగాన, ఎవరికీ పనికిరాని మెరక నేలల్లో తండాలు వేసుకున్నారు. తండా ఉండే చోటే రాళ్ళవాన దెబ్బకు సగం కారణం. చుట్టూ ఎత్తైన కట్టడం ఉండదు, చెట్టు అడ్డం ఉండదు, గాలి నేరుగా కప్పు కిందికి దూరుతుంది.

1956 నాటి పట్టికలో ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు షెడ్యూల్డు తెగగా ఉన్నారు. తెలంగాణ లంబాడీలకు ఆ గుర్తింపు 1970ల చివరికి గాని రాలేదు. కానీ మనది మైదానం. మన సీమలో ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. కొండ ప్రాంతపు ఆదివాసులకు భూమి విషయంలో ఉన్న రక్షణ మనకు లేదు. ఇంటి జాగా కాగితం మన తండాల్లో ఎందుకంత అరుదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ కాగితం సంగతి ముందు మళ్ళీ వస్తుంది.

కొట్టం, మిద్దె, రేకు, స్లాబు

తండా మొదటి కప్పు బోదగడ్డి కొట్టం. రాళ్ళవానకు గడ్డి బాగా తట్టుకుంటుంది. మెత్తన కాబట్టి రాయి దెబ్బను మింగేస్తుంది. కొట్టానికి శత్రువులు రెండే – నిప్పు, గాలి. రాళ్ళు గడ్డి మందంలో చిక్కుకుని నిదానంగా కరిగితే కింద కట్టు మురిగిపోతుంది. అందుకే వాన నిలిచాక కర్రతో రాళ్ళను జారగొట్టి, ఎండ వచ్చాక గడ్డిని కొంచెం లేపి ఆరనివ్వడం పెద్దవాళ్ళ పద్ధతి.

రెండో కప్పు మట్టిమిద్దె. సీమ రైతు ఇల్లు అంటే అదే. దూలం, దంతెలు, వాటి మీద సన్న కట్టెలు, ఆకు, ఆ పైన మన్ను, అన్నిటికీ పైన చౌడుమన్ను. నడుమ గవాచి. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన సుగాలీ కుటుంబాలూ మిద్దెలు వేసుకున్నాయి. ఎండకు చల్లన, చలికి వెచ్చన. రాళ్ళవాన మిద్దెను అప్పుడే పగలగొట్టదు, తర్వాత పడగొడుతుంది. లెక్క వేసి చూడండి. పదిహేను సెంటీమీటర్ల మన్ను చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు మిద్దె మీద పది సెంటీమీటర్ల ఎత్తున రాళ్ళు పేరుకుంటే ఇంకో టన్నుకు దగ్గర బరువు చేరినట్టు. నీళ్ళు పోయే దోనెకు రాళ్ళు అడ్డం పడితే ఆ నీరంతా మన్నులోకే దిగుతుంది. మన్ను బరువెక్కుతుంది, చెదలు తిన్న దంతె విరుగుతుంది. వాన నిలిచిందని పడుకున్న ఇంటి మీద తెల్లవారుజామున మిద్దె కూలడం ఈ సీమలో ఎరగనివాళ్ళు లేరు.

మూడో కప్పు రేకు. సిమెంటులో రాతినార కలిపి రేకు చేసే పద్ధతిని ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్షెక్ అనేవాడు 1900 ప్రాంతంలో కనిపెట్టాడు. ఆ రాతినార మనకు దూరపుది కాదు, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె గనుల్లోనే తవ్వారు. 1980ల తర్వాత తండాల్లో బోద తగ్గింది, గడ్డి కప్పేవాళ్ళు బెంగుళూరు కూలికి పోయారు, ఏటా కప్పు మార్చే ఓపిక పోయింది. రేకు వచ్చి కూర్చుంది. కొట్టం నుంచి రేకుకు మారడం అప్పట్లో గౌరవం. కానీ రాళ్ళవాన వైపు నుంచి చూస్తే మనం మెత్తని కప్పు విడిచి పెళుసు కప్పు కిందికి వచ్చాం. సిమెంటు రేకు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండకు పెళుసవుతుంది. గోళీ అంత రాయిని తట్టుకున్న రేకు నిమ్మకాయంత రాయికి చిల్లు పడుతుంది. చిల్లు పడకపోయినా వెంట్రుకంత పగులు పడుతుంది. ఆ పగులు జూలై వానకు గాని బయటపడదు.

ఇనుప రేకు పగలదు, సొట్టపడుతుంది. సొట్టపడిన చోట జింకు పూత లేచిపోతే రెండేళ్ళలో తుప్పు పట్టి చిల్లు పడుతుంది. దాని అసలు గండం గాలి. రాళ్ళవానతో వచ్చే ఈదురుగాలి రేకును కింది నుంచి లేపుతుంది. గాలికి లేవకుండా రేకుల మీద బండరాళ్ళు పెట్టడం మన దగ్గర అలవాటు. రేకు లేస్తే ఆ బండే కింద పడుకున్నవాళ్ళ మీద పడుతుంది. వడగండ్లు చంపకపోయినా మనం పెట్టుకున్న రాయి చంపుతుంది.

నాలుగో కప్పు స్లాబు. 1983 తర్వాత 'పక్కా ఇల్లు' అన్న మాట మన చెవిన పడింది. 1985-86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది, 2006లో రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్ళు వచ్చాయి, 2016లో కేంద్ర పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజనగా మారింది. స్లాబును రాళ్ళవాన ఏమీ చేయలేదు. దాని మీది నీళ్ళ ట్యాంకు, గొట్టాలు, కరెంటు తీగలు చూసుకుంటే చాలు. కానీ తండాలో చాలామందికి స్లాబు ముందుగది వరకే వచ్చింది. వంటిల్లు రేకు, పశువుల కొట్టం గడ్డి. ఒకే ఇంట్లో మూడు కాలాల కప్పులు ఉంటాయి. రాళ్ళవాన వచ్చినప్పుడు స్లాబు ఉన్న ఇల్లు కదా అని రాసుకుని పోతారు, పగిలిన వంటింటి రేకు లెక్కలోకి రాదు.

కప్పుకు కాగితం పెట్టిన పేరు

ఇక్కడ చరిత్ర మన జేబు దాకా వస్తుంది. 2005 విపత్తుల నిర్వహణ చట్టం తర్వాత రాష్ట్రాలకు విపత్తు సహాయ నిధి ఉంది. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో కరువు, తుఫాను, వరద, భూకంపంతో పాటు వడగళ్ళ వాన కూడా ఉంది. అంటే రాళ్ళవానకు ఇల్లు దెబ్బతింటే సాయం అడగడం బిచ్చం కాదు, రాసి ఉన్న నిబంధన.

2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్రం ఇచ్చిన ప్రమాణాలు ఇవి. మైదానంలో ఇల్లు పూర్తిగా పోతే, పక్కాదైనా కచ్చాదైనా, 1,20,000 రూపాయలు. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అయితే ఆ నష్టం కనీసం 15 శాతం ఉండాలి. గుడిసెకు 8,000. ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000. మనిషి ప్రాణం పోతే 4 లక్షలు. పాడి ఆవు, గేదెకు 37,500, గొర్రె, మేకకు 4,000. రాష్ట్రం తనవైపు నుంచి ఇంకా ఎక్కువ ఇవ్వవచ్చు. కాలం మారితే అంకెలు మారతాయి, కాబట్టి ఆ ఏటి అంకె అడిగి తెలుసుకోవాలి.

ఈ అంకెల్లో ఒక కిటుకు ఉంది, గమనించండి. మట్టిగోడల మీద గడ్డికప్పు ఇల్లు పూర్తిగా కూలిందనుకుందాం. వచ్చినాయన 'కచ్చా ఇల్లు, పూర్తి నష్టం' అని రాస్తే లక్షా ఇరవై వేలు. అదే ఇంటికి 'గుడిసె' అని రాస్తే ఎనిమిది వేలు. కూలింది ఒకే ఇల్లు, రాసింది ఒక్క మాట తేడా, డబ్బులో పదిహేనింతల తేడా. నిబంధనలో గుడిసె అంటే గడ్డి, మట్టి, ప్లాస్టిక్ కాగితం వంటి వాటితో వేసుకున్న తాత్కాలిక నివాసం, కచ్చా ఇంటికంటే తక్కువది. తరం నుంచి తరానికి వచ్చిన మట్టిగోడల ఇల్లు తాత్కాలికం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న అడగాల్సింది మనమే. మాకు తెలిసిన ఒక తండాలో వరుసగా ఉన్న ఇళ్ళన్నిటికీ 'గుడిసె' అని ఒకే మాట రాసుకుపోయారు. గోడలు చూడమని అడిగినవాళ్ళ ఇళ్ళకు మాత్రం రెండోసారి వచ్చి మాట మార్చారు. అడగనివాళ్ళది అలాగే ఉండిపోయింది.

రెండో కిటుకు 15 శాతం. కప్పును మాత్రమే లెక్క చేసినా పన్నెండు రేకుల ఇంట్లో ఒక్క రేకు పగిలితే ఎనిమిది శాతం, రెండు పగిలితే పదహారు శాతం దాటుతుంది. ఒక రేకు చిల్లు పడి ఇంకోటి వెంట్రుక పగులు పడితే, ఆ పగులును చూపించడం మీదే అంతా ఆధారపడుతుంది. కింది నుంచి చూసి పోయేవాళ్ళకు పగులు కనబడదు. ఇంటివాళ్ళు ముందే చూసుకుని సుద్దముక్కతో గుర్తు పెట్టాలి.

మూడోది అన్నిటికంటే పెద్దది. దెబ్బతిన్న ఇల్లు అధికారులు ధ్రువీకరించిన, అనుమతి ఉన్న కట్టడం అయి ఉండాలని నిబంధన చెబుతుంది. పోరంబోకులోనో, పేరు మారని జాగాలోనో కట్టుకున్న ఇంటికి ఇక్కడే గండి. ఒకప్పుడు ఇల్లు లేనందుకు మన పెద్దలను అనుమానించారు, ఇప్పుడు ఇల్లు ఉన్నా దానికి కాగితం అడుగుతున్నారు. తలుపు తట్టే మనిషి మారాడు, ప్రశ్న మారలేదు. పట్టా లేనివాళ్ళు ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పథకం కింద ఇల్లు మంజూరైన కాగితం, రేషను కార్డు – ఉన్నవన్నీ ఒకచోట పెట్టుకోవాలి. జాగా స్వాధీన ధ్రువపత్రానికి రాళ్ళవాన రాకముందే అర్జీ పెట్టాలి. కప్పు పగిలాక పరుగెత్తితే పత్రం దొరకదు.

ఇల్లుగలవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సినవి

ముందు జాగ్రత్త ఉగాదికి ముందే. ఇంటికి సున్నం కొట్టే రోజే కప్పు కూడా చూడాలి. రేకుల కొక్కెం బోల్టులు బిగించి, అరిగిన రబ్బరు వాషర్లు మార్చాలి. పైన బండరాళ్ళు తీసేసి, అవసరమైతే ఇసుక సంచులు తీగతో కట్టాలి. మిద్దె దోనెలు శుభ్రం చేసి, చౌడు తగ్గినచోట పోయాలి. దంతెను గుద్దితే డొల్లగా మోగినచోట ఊతం పెట్టాలి. అదే రోజు ఇంటిని నాలుగువైపులా, లోపలి నుంచి కప్పును ఫోనులో ఫోటో తీసుకోవాలి. నష్టం జరిగాక తీసిన ఫోటో పగులును చూపిస్తుంది, ముందు తీసినది అంతకుముందు ఇల్లు ఉండిందని చూపిస్తుంది. రెండూ కావాలి.

మేఘం నల్లబడి ఉరుము వినబడితే మేకలు, గొర్రెలు కాసేవాళ్ళను పిలిపించుకోవాలి. మెరుపుకూ ఉరుముకూ నడుమ 30 సెకన్ల లోపు ఉంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఒంటి చెట్టు కింద నిలబడరాదు. ఏ అండా లేని చోట చిక్కితే గొంగడి మడత పెట్టి తల మీద వేసుకోవాలి, గంప ఉంటే తలమీద బోర్లించుకోవాలి. రేకుల ఇంట్లో పిల్లలను మంచం కిందికి పంపాలి. స్లాబు గది ఉన్న ఇల్లు తండాలో ఒక్కటున్నా ఆ పది నిమిషాలు అందరిదీ అదే ఇల్లు కావాలి.

వాన నిలిచాక తొందరపడి రేకు ఎక్కరాదు. పగిలిన సిమెంటు రేకు మనిషి బరువు మోయదు, రాయి చేయని పని అడుగు చేస్తుంది. ఎక్కాల్సి వస్తే బోల్టులున్న వరుస మీద పలక వేసి దాని మీద నడవాలి. మట్టిమిద్దె ఇంట్లో ఆ రాత్రి పడుకోకపోవడం మేలు. దంతె కిర్రుమన్నా, మన్ను రాలినా వెంటనే బయటికి రావాలి. గోడ అడుగు నానితే రెండు మూడు రోజుల తర్వాత కూడా కూలుతుంది.

పగిలిన సిమెంటు రేకు ముక్కల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అందులోని రాతినార పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత క్యాన్సరు తెస్తాయి. రాతినార రకాలన్నీ ప్రమాదమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, యాభైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన సుప్రీంకోర్టు 1995లోనే రాతినార పనివాళ్ళ ఆరోగ్యం గురించి తీర్పు ఇచ్చింది. మన దేశంలో రేకు ఇంకా అమ్ముతున్నారు. కాబట్టి ముక్కలను పొడిగా ఊడవద్దు, రంపంతో కోయవద్దు, పొడి చేసి గచ్చు కింద వేయవద్దు. నీళ్ళు చల్లి, తడి గుడ్డ ముక్కుకు కట్టుకుని, గోనెలో వేసి, బావికీ పిల్లలు ఆడే చోటుకీ దూరంగా లోతుగా పూడ్చాలి.

తర్వాత కాగితం. జిల్లా విపత్తు నంబరు 1077, రాష్ట్రానిది 1070. గ్రామ సచివాలయంలో నష్టం తేదీ, సమయం, తండా పేరు రాసి అర్జీ ఇవ్వాలి, ఒక నకలు మీద ముద్ర వేయించుకోవాలి. చూడటానికి వచ్చినవాళ్ళు ఏం రాశారో చదివి వినిపించమనాలి. పక్కా, కచ్చా, గుడిసె – మూడింటిలో ఏ మాట రాశారో అడగాలి. పేర్ల జాబితాను సచివాలయం గోడకు అంటించమని అడగాలి. పేరు రాకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వవచ్చు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఆ కార్యాలయం పుట్టపర్తిలోనే ఉంది, అనంతపురం దాకా పోవాల్సిన పని లేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు రుసుము లేదు.

పంటకు బీమా ఉంటే వడగళ్ళ నష్టాన్ని 72 గంటల్లో తెలపాలి. ఇంటికి బీమా తీసుకునేవాళ్ళు పత్రంలో వడగళ్ళ మాట ఉందో లేదో, రేకు కప్పుకు, మట్టిగోడకు వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగాలి. నోటిమాట రాళ్ళవానలో మొదట కరిగేది.

రాసిపెట్టుకుందాం

సేవాలాల్ మహరాజ్ పుట్టింది గుత్తి దగ్గరే అని మనం సేవాగఢ్‌కు పోతాం, ఫిబ్రవరి 15న జయంతి చేస్తాం. ఆ రోజు తండా అంతా ఒకచోట చేరుతుంది. రాళ్ళవాన నెలలు మొదలయ్యేది ఆ వెంటనే. జయంతి రోజు తండాలో ఒక పుస్తకం తెరవడం మన చేతిలో ఉన్న పని. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఇల్లు ఎవరు కట్టారు, ఏ ఏడు, గోడ ఏది, కప్పు ఏది, జాగా కాగితం ఏది, రాళ్ళవాన ఎప్పుడు పడింది, ఏం పగిలింది, ఏం వచ్చింది. రాసేందుకు మన పిల్లలు ఉన్నారు, ఐదో తరగతి చదివేవాళ్ళకు ఆ మాత్రం రాత వచ్చు. పెద్దలు తేదీ చెప్పలేకపోతే సంవత్సరం పేరు చెబుతారు, పిల్లలు దాన్ని అంకెలోకి మారుస్తారు. మా బడుల్లో చరిత్ర పాఠానికీ లెక్కల పాఠానికీ ఇంతకంటే మంచి అభ్యాసం మాకు తెలియదు.

పది నిమిషాల వానను ఏ వాన పాత్రా పట్టుకోలేదు, ఏ గెజిటీరూ రాయలేదు. అది పడిన ఇంటివాళ్ళే రాయాలి. కచ్చా అని రాయాలో గుడిసె అని రాయాలో ఎవరో వచ్చి ఐదు నిమిషాల్లో తేల్చేముందు, అది ఇల్లు అని మన చేతిరాతలో ఒక పుస్తకం చెప్పాలి.